బీరువా తాళం ఎవరి చేతిలో?

ఇస్లామాబాద్‌లోని ఇటలీ రాయబార కార్యాలయంలో తాళం వేసిన గదిలో ఉండవలసిన వీసా స్టిక్కర్లు 2021లో మాయమయ్యాయి. ఒక వరసలో 750, మరో వరసలో 250, వెరసి వెయ్యి. వాటి మీద ఎవరి పేరూ లేదు, ఫొటో లేదు, తేదీ లేదు. ఉన్నదల్లా వరస సంఖ్య. నమ్మదగిన రీతిలో పేరు అచ్చువేయగల మోసగాడి చేతిలో పడితే, అప్పటికి షెంగెన్ ఒప్పందంలో ఉన్న 26 దేశాల్లోకి ఆ కాగితంతో దారి దొరుకుతుంది. ఇటలీ అధికారులు పరువు పోతుందని గుట్టుగా ఊరుకోలేదు. పోయిన స్టిక్కర్ల సంఖ్యలు ఫలానా నుంచి ఫలానా దాకా అని పాకిస్థాన్ విదేశాంగ శాఖకు తెలియజేశారు. ఆ సంఖ్యలున్న వీసాలతో ఎవరైనా ప్రయాణానికి వస్తే పట్టుకోవాలని ఆ శాఖ అక్కడి ఆంతరంగిక మంత్రిత్వ శాఖను కోరింది. రాయబార కార్యాలయంలో దొంగతనం సిగ్గుచేటే, సందేహం లేదు. కాని ఏవి పోయాయన్న లెక్క చేతిలో ఉన్నందువల్ల ఆ వెయ్యింటిని మాత్రమే వేరుచేసి చూడటం సాధ్యపడింది. సక్రమంగా వీసా పొందిన ప్రయాణికుడు ఆ దొంగతనానికి మూల్యం చెల్లించనక్కరలేకపోయింది.

అదే ఏడాది ఆగస్టులో మన ప్రభుత్వం ఎదుర్కొన్న పరిస్థితి ఇంతకన్నా విషమమైనది. అనుసరించిన మార్గమూ వేరు. ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల వశమైంది. 17న మన రాయబారి, సిబ్బంది వైమానిక దళ విమానంలో జామ్‌నగర్ చేరుకున్నారు. 25న కేంద్ర హోం మంత్రిత్వ శాఖ ఒక ప్రకటన వెలువరించింది. కొందరు ఆఫ్ఘన్ల పాస్‌పోర్టులు గల్లంతైనట్టు వార్తలు వచ్చినందున, ఆ సమయానికి భారత్‌లో లేని ఆఫ్ఘన్ జాతీయులందరికీ లోగడ ఇచ్చిన వీసాలు తక్షణం చెల్లవని, ఇకపై ఈ-వీసాతోనే రావాలని దాని సారాంశం. కాబూల్‌లో వీసా దరఖాస్తుల పనులు చూసే ఒక ప్రైవేటు కార్యాలయంలోకి సాయుధులు చొరబడి, భారత వీసాలున్న పాస్‌పోర్టులను ఎత్తుకుపోయారని అప్పట్లో పత్రికలు రాశాయి. గల్లంతైనవి కొన్ని; రద్దయినవి అన్నీ.

ఆ వేటు ఎవరి మీద పడింది? చికిత్స కోసం ఢిల్లీ ఆసుపత్రులకు రావలసిన రోగులు, సెలవులకు ఇంటికి వెళ్లి చిక్కుబడిన విద్యార్థులు, రెండు దేశాల మధ్య సరకు నడిపే వర్తకులు ఒక్క ప్రకటనతో దారి లేనివారయ్యారు. మన ఉస్మానియా విశ్వవిద్యాలయంతో సహా అనేక విద్యాసంస్థల్లో ఆఫ్ఘన్ విద్యార్థులు చదువుకుంటున్న సంగతి తెలిసిందే. పాత వీసాకు బదులుగా ప్రవేశపెట్టిన అత్యవసర ఈ-వీసాలు నవంబరు చివరినాటికి మంజూరైనవి 200 మాత్రమేనని ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. సాయుధ ముఠాల చేతుల్లో భారత వీసాలున్న పాస్‌పోర్టులు ఉన్నాయన్న అనుమానం వచ్చాక హోం శాఖ చేతులు ముడుచుకుని కూర్చోవాలని ఎవరూ అనరు. ఆ పది రోజుల్లో కాబూల్‌లో ఏ లెక్కా సరిచూసే అవకాశం లేదన్నదీ నిజమే. అయితే ఆ లెక్క కాబూల్‌లోనే ఎందుకు ఉండాలి? దరఖాస్తు స్వీకరించిన ప్రతి పాస్‌పోర్టు సంఖ్య, అతికించిన ప్రతి స్టిక్కరు సంఖ్య, ఆ సాయంత్రం అది ఎవరి కస్టడీలో ఉందన్న వివరం ఏ రోజుకారోజు ఢిల్లీకి చేరి ఉంటే, గల్లంతైన వాటిని గుర్తించి వాటినే రద్దు చేసే వీలుండేది. అలాంటి జాబితా ఉండి కూడా అందరి వీసాలూ రద్దు చేశారా, లేకనే చేశారా అన్నది ప్రభుత్వం వివరించవలసిన విషయం.

వీసా అనగానే మనకు ఇంటర్వ్యూ కిటికీ, అవతల కూర్చున్న అధికారి ముఖకవళికలు గుర్తుకొస్తాయి. ఆ గది వెనుక జరిగేది చాలావరకు గుమాస్తా పని. మన వీసా స్టిక్కర్లు నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్‌లో అచ్చవుతాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్దేశించిన కొలతల ప్రకారం పెద్ద రకం వీసా 120 మిల్లీమీటర్ల పొడవు, 80 మిల్లీమీటర్ల వెడల్పు. అడుగున యంత్రం చదివే రెండు పంక్తులు, ఒక్కొక్క దానిలో 44 అక్షరాలు. ఈ కాగితానికి విలువ అచ్చయినప్పుడు కాదు, లెక్కలోకి ఎక్కినప్పుడు వస్తుంది. వచ్చిన కట్టలో ఎన్ని ఉన్నాయి, ఈ రోజు ఎన్ని తీశారు, ఎన్ని అతికించారు, ప్రింటరు మొరాయించి ఎన్ని పాడయ్యాయి, సాయంత్రం మిగిలినవెన్ని అన్నది ఒక్కటి తేడా రాకుండా సరిపోవాలి. పాడైన స్టిక్కరును చెత్తబుట్టలో వేయడానికి వీల్లేదు. దానికీ సంఖ్య ఉంది, దాన్నీ రద్దు ముద్ర వేసి చూపాలి. మన జిల్లాల్లో ఖజానా కార్యాలయాలు స్టాంపు కాగితాలను రెండు తాళాల గదిలో ఉంచి, ఇద్దరు అధికారులు కలిస్తే తప్ప తలుపు తెరుచుకోని ఏర్పాటును తరతరాలుగా పాటిస్తున్నాయి. కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు.

పాటించకపోతే ఏమవుతుందో కూడా మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు. నకిలీ స్టాంపు కాగితాల కుంభకోణంలో 30 ఏళ్ల శిక్ష పడిన అబ్దుల్ కరీం తెల్గీ, నాసిక్ ముద్రణాలయంలో పనికిరావని తీసేసిన యంత్రాలనే చేజిక్కించుకున్న ఉదంతం దేశమంతా విన్నదే. కాగితానికి కాపలా పెట్టి యంత్రాన్ని పాత ఇనుము కింద వదిలేస్తే కాపలాకు అర్థం లేదు. వీసా కార్యాలయంలో మార్చేసిన ప్రింటరుకు, వేలిముద్రల పరికరానికి, దరఖాస్తుదారుల వివరాలు నిండిన కంప్యూటరు డిస్కుకు ఇదే సూత్రం వర్తించాలి.

స్టిక్కర్లు ప్రభుత్వానివి. పాస్‌పోర్టులు మాత్రం ఆ కార్యాలయానికి పరాయి సొత్తు, నమ్మి అప్పగించిన సొత్తు. వీటి విషయంలో సంపన్న దేశాల రికార్డు కూడా ఏమంత మెచ్చదగినది కాదు. 2021లో కాబూల్ విడిచిపోతూ అమెరికా రాయబార కార్యాలయం ఇతర పత్రాలతో పాటు దరఖాస్తుదారుల ఆఫ్ఘన్ పాస్‌పోర్టులనూ ధ్వంసం చేసింది. 2023 ఏప్రిల్‌లో సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో యుద్ధం మొదలైనప్పుడూ అదే పునరావృతమైంది. మరికొన్ని ఐరోపా దేశాల కార్యాలయాలు సూడానీల పాస్‌పోర్టులను లోపలే ఉంచి తాళాలు వేసుకుని వెళ్లాయి. శత్రువు చేతికి చిక్కరాదన్న వాదనలో పస లేకపోలేదు. అయితే బాంబుల మధ్య సరిహద్దుకు పరుగెత్తే మనిషికి ఆ చిన్న పుస్తకమే ప్రాణాధారం. దాన్ని అతనికి ఎలా తిరిగి ఇవ్వాలన్నది ఖాళీ చేసే రోజున ఆలోచించవలసిన సంగతి కాదు. పరిస్థితి చెడుతున్న సూచనలు కనిపించిన నాడే కొత్త పాస్‌పోర్టులు తీసుకోవడం ఆపి, ఉన్నవాటిని పంచివేయడం మొదలుపెట్టాలి.

ఇక్కడ మరో చిక్కు ఉంది. కాన్సులర్ సంబంధాలపై 1963 నాటి వియన్నా ఒప్పందం కాన్సులేటు దస్త్రాలకు పూర్తి రక్షణ కల్పించింది. దస్త్రాలంటే కాగితాలు, రిజిస్టర్లు మాత్రమే కాదు, వాటిని భద్రపరిచే బీరువాలు సైతం ఆ నిర్వచనంలోకి వస్తాయి. అంతటి జాగ్రత్త తీసుకున్న ఒప్పందం కుదిరిన కాలానికి దరఖాస్తులు స్వీకరించే పనిని ప్రైవేటు సంస్థలకు అప్పగించే అలవాటు లేదు. ఇవాళ చాలా దేశాలతో పాటు మనమూ ఆ పద్ధతినే అనుసరిస్తున్నాం. వీసా ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం రాయబార కార్యాలయానిదే. పాస్‌పోర్టు మాత్రం రోజుల తరబడి బజారులోని అద్దె భవనంలో ఉంటుంది. దానికి దౌత్య రక్షణ ఆశించలేం. రద్దీ తగ్గించడానికి, సామాన్యుడికి సౌకర్యం కల్పించడానికి ఈ ఏర్పాటు ఉపకరించిందన్నది కాదనలేని నిజం. ఢాకాలో 2018 జులైలో ప్రారంభించిన భారీ వీసా కేంద్రం వంటివి లేకుంటే బంగ్లాదేశ్ నుంచి వచ్చే దరఖాస్తులను తట్టుకోవడం హైకమిషన్‌కు సాధ్యమయ్యేది కాదు. కాని 2024 ఆగస్టులో అక్కడ ప్రభుత్వం కూలినప్పుడు ఆ కేంద్రాలన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. పాస్‌పోర్టులు అప్పగించినవారు వాటి కోసం ఆందోళన చెందవలసి వచ్చింది. మూడేళ్ల క్రితం కాబూల్ నేర్పిన పాఠం ఒప్పందాల షరతుల్లోకి ఎంతవరకు ఎక్కిందన్న ప్రశ్నకు ఇంకా కాలం చెల్లలేదు.

సరఫరా తెగిపోవడమూ ఈ బాపతు సంకటమే. 2023లో పాకిస్థాన్‌లో పాస్‌పోర్టుల జారీ కుంటుపడింది. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు: ఫ్రాన్స్ నుంచి రావలసిన లామినేషన్ కాగితం అయిపోయింది. 2024లో శ్రీలంకలో ఖాళీ పాస్‌పోర్టు పుస్తకాలు చాలక జనం రాత్రంతా వరసల్లో పడిగాపులు కాశారు. 2015 జూన్‌లో అమెరికా విదేశాంగ శాఖ కంప్యూటర్ పరికరం ఒకటి చెడిపోయి, వేలిముద్రల వివరాలు అందక, ప్రపంచమంతటా రెండు వారాలకు పైగా వీసాల జారీకి అంతరాయం ఏర్పడింది. అమెరికా ప్రయాణం ఇంటింటి ముచ్చటైన తెలుగునాట దాని బాధ వివరించనక్కరలేదు.

స్టిక్కరే లేకుండా చేస్తే ఈ బెడద ఉండదు కదా అని కొందరు అంటారు. మన దేశం 2014 నవంబరులో ఎలక్ట్రానిక్ వీసా వైపు అడుగు వేసింది. ఐరోపా సమాఖ్య 2023లో స్టిక్కరుకు స్వస్తి చెప్పే చట్టం చేసింది. మంచిదే. అయితే అప్పుడు బీరువా స్థానంలో సర్వరు, తాళం స్థానంలో రహస్య పదం వస్తాయి. ఎవరు తెరిచారు, ఎప్పుడు తెరిచారు, రెండో తాళం ఎవరి దగ్గర ఉందన్న పాత ప్రశ్నలకు అక్కడా జవాబు కావాలి.

విదేశాంగ వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ విషయాన్ని చేపట్టడం అవసరం. 2021 ఆగస్టులో కాబూల్‌లో మన తరఫున స్వీకరించిన పాస్‌పోర్టులు ఎన్ని, యజమానులకు చేరినవెన్ని, చేరనివెన్ని? మొదట అడగవలసింది ఈ మూడు అంకెలు. ఇప్పుడు ఇతర దేశాల్లో పనిచేస్తున్న ప్రైవేటు కేంద్రాల దగ్గర ఈ సాయంత్రానికి ఎన్ని పాస్‌పోర్టులు ఉన్నాయో విదేశాంగ శాఖ గంటలోగా చెప్పగలదా అన్నది ఆ తరవాతి ప్రశ్న.