విహారంలో అమ్మ ఏమి చూసింది?

వేసవి సెలవులు వచ్చాయంటే జిల్లాల నుండి హైదరాబాదులోని బంధువుల ఇళ్ళకు రాకపోకలు మొదలవుతాయి. గుంటూరు నుండో, కర్నూలు నుండో, వరంగల్లు నుండో వచ్చిన పిల్లలు రెండో రోజే అడిగే ప్రశ్న ఒకటే: "ఎక్కడికి తీసుకువెళతారు?" నగరంలో చూడదగిన చోట్లకు కొదువ లేదు. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, జూ పార్కు, చౌమహల్లా, ప్లానెటోరియం... పేర్లు చెప్పడం ఎవరికైనా తేలికే. ఒక్క రోజులో నాలుగింటిని చుట్టి రావాలని ఇంటిపెద్ద నిర్ణయిస్తాడు, వ్యాను మాట్లాడతాడు. రాత్రి పది గంటలకు అందరూ అలసి ఇల్లు చేరతారు. ఆ రోజంతా ఏమి చూశావని మర్నాడు ఇల్లాలిని అడిగి చూడండి. ఆమెకు గుర్తుండేవి చాలాసార్లు అన్నం గిన్నెల సంచీ, ఏడ్చిన చంటిపిల్ల, ఎంత వెతికినా దొరకని మరుగుదొడ్డి.

అందుకే ఈ నెల నగరంలోని చోట్లను ఇంటిల్లిపాదీ వెళ్ళే దృష్టితో, ముఖ్యంగా ఇంటి స్త్రీలనూ వృద్ధులనూ దృష్టిలో పెట్టుకొని చూద్దాం.

భార్యాబిడ్డలకు వినోదం కలిగించడాన్ని అనవసరపు ఖర్చుగా, కాలహరణంగా భావించేవారు మనలో ఇప్పటికీ ఉన్నారు. ఒక పండుగ రోజున అబిసీనియా దేశస్థులు మస్జిద్‌లో డాళ్ళు, బల్లేలతో విన్యాసాలు చేస్తుండగా దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర.అన్హా)ను తన వెనుక నిలుపుకొని చూపించిన ఉదంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉన్నది. ఆమెకు తనివి తీరేదాకా ఆయన అలాగే నిలబడి ఉన్నారు. ఎంతసేపు చూడాలన్నది ఆమె ఇష్టానికే విడిచిపెట్టారు. మన విహారాలలో "ఇక చాలు, పదండి" అనే మాట ఎవరి నోటి నుండి వస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి.

మొదట జూ పార్కు సంగతి చూద్దాం. పండుగ మరునాడు బహదూర్‌పురా దారి ఎలా ఉంటుందో అటు వెళ్ళినవారికి తెలుసు. 1963 అక్టోబరు 6న ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాల 380 ఎకరాల స్థలం. ఈ అంకెను తేలికగా తీసుకోకూడదు. పిల్లలు మొదటి గంటలో పరుగెత్తుతారు, రెండో గంటలో నడుస్తారు, మూడో గంటలో ఎత్తుకోమంటారు. అప్పుడు ఎత్తుకునేది ఎవరో మనకు తెలిసినదే. లోపల బ్యాటరీ వాహనాలు తిరుగుతుంటాయి. మోకాళ్ళ నొప్పులున్న దాదీమాకూ, చంటిబిడ్డ తల్లికీ లోపలికి అడుగుపెట్టగానే వాటికి టికెట్టు తీసుకోవాలి. అందరూ అలసిపోయాక తీసుకుంటే ఆ ఖర్చుకు సగం ఫలమే. మే నెలలో పది గంటలు దాటితే జంతువులు కూడా నీడకు చేరి కదలవు. కనుక ఫజ్ర్ నమాజు తరువాత బయలుదేరి, తెరిచీ తెరవగానే లోపల ఉండి, ఎండ ముదిరేసరికి రాత్రించర జంతువుల శాలకు చేరుకోవాలి. అక్కడ పగలును రాత్రిగా మార్చిన మసక వెలుతురులో గుడ్లగూబలు, గబ్బిలాలు మెలకువగా ఉంటాయి. బయటి ఎండ నుండి వచ్చిన కళ్ళకు మొదట ఏమీ కనబడదు, కాస్త ఓపిక పట్టాలి. పార్కును ఆనుకొని ఉన్న మీర్ ఆలం చెరువును చాలామంది చూడకుండానే వెనుదిరుగుతారు. 21 కమానులను వరుసగా పేర్చి కట్టిన ఆ ఆనకట్ట 200 ఏళ్ళకు పైబడి నీటిని ఆపుతున్నది. ఇంజనీరింగు చదివే పిల్లలున్న ఇంటివారైతే సింహాల కన్నా దాని గురించే ఎక్కువసేపు మాట్లాడుకోవచ్చు.

సాలార్‌జంగ్ మ్యూజియానికి వచ్చేసరికి సమస్య వేరు. అక్కడ ఎండ లేదు, కూర్చునే చోటు ఉన్నది. ఉన్నవన్నీ చూడాలనే ఆశే మనిషిని అలసటపాలు చేస్తుంది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా వెచ్చించి కూడబెట్టిన వస్తువులు ప్రధానంగా ఇందులో ఉన్నాయి. 1951లో ఆయన నివాసమైన దివాన్ దేవిడీలో మ్యూజియంగా తెరుచుకొని, 1968లో మూసీ దక్షిణపు ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మారింది. గదులు నలభైకి దగ్గరగా ఉన్నాయి. వాటన్నింటినీ ఒక్క పూటలో చూసినవారు నిజానికి ఏదీ చూడనట్లే. నా సలహా మూడే. సంగీత గడియారం, తెల్లని పాలరాతి రెబెకా, చేతివ్రాత ఖుర్ఆన్ ప్రతులు.

గడియారం దగ్గర గంట కొట్టే సమయానికి కొన్ని నిమిషాల ముందే చిన్న బొమ్మ ఒకటి తలుపు తీసుకొని బయటికి వచ్చి, గంట కొట్టి, మళ్ళీ లోపలికి వెళుతుంది. మధ్యాహ్నం పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కనుక ఆ వేళకే జనం ఎక్కువ. రెబెకా శిల్పాన్ని ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కగా మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో కొన్నాడు. ఆమె హజ్రత్ ఇస్‌హాఖ్ (అ) ధర్మపత్ని అని యూదుల, క్రైస్తవుల గ్రంథాలు చెబుతాయి. రాతిలోనే పలుచని మేలిముసుగు, దాని వెనుక ముఖం కనబడేలా చెక్కడం ఎట్లా సాధ్యమైందని పెద్దలు సైతం ఆగి చూస్తారు. ఇక ఖుర్ఆన్ ప్రతుల గదిలో యాఖూత్ అల్ ముస్తఅసిమీ చేతివ్రాత ప్రతి ఒకటి ఉన్నది. జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల సంతకాలు దానిమీద ఉన్నాయి. మూడు తరాల చక్రవర్తుల చేతులు తాకిన పుస్తకం ముందు నిలబడ్డామన్న సంగతి పిల్లలకు తల్లి చెబితే వారు మరచిపోరు. అందుకు తల్లి చేతిలో చంటిబిడ్డ ఉండకూడదు. ఆ పది నిమిషాలు బిడ్డను తండ్రి ఎత్తుకోవాలి.

గోల్కొండ గురించి భయపడేది వృద్ధులే. పైకి చేరడానికి సుమారు 360 మెట్లు ఎక్కాలి. అందుకే చాలా ఇళ్ళలో "నానమ్మకు వద్దులే" అని ఇంట్లోనే ఉంచి వెళతారు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. బాలాహిస్సార్ ద్వారం దగ్గరి గుమ్మటం కింద చప్పట్లు కొడితే ఆ ధ్వని కొండ కొమ్మున ఉన్న బారాదరి దాకా వినిపిస్తుందన్నది లోకమంతటికీ తెలిసిన విషయం. ఆ చప్పట్లు కొట్టడానికి కింద ఒకరు ఉండవలసిందే కదా! మనవలు పైకెక్కి చెవులు రిక్కించి నిలబడతారు, నానమ్మ కింద నుండి చప్పట్లు కొడుతుంది. ఎవరో తెలియని గైడు కొట్టే చప్పట్లకూ, దీనికీ తేడా ఉన్నది. ఆ తరువాత ఆమె నీడలో కూర్చోవచ్చు, తోడుగా ఒకరు ఉండాలి. సాయంకాలం జరిగే ధ్వని, కాంతి ప్రదర్శన పెద్ద పిల్లలకు బాగుంటుంది. చిన్నవారు సగంలోనే నిద్రపోతారు, పైగా మగ్రిబ్ నమాజు వేళను ముందే ఆలోచించుకోవాలి.

కోట నుండి కొద్ది దూరంలోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణ నా దృష్టిలో కుటుంబాలకు నగరంలోకెల్లా మేలైన చోటు. చెట్లు, పచ్చిక, విశాలమైన నడక దారులు ఉన్నాయి. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 2013 నుండి దశాబ్దం పైగా సాగించిన పునరుద్ధరణతో పాత మెట్ల బావులు మళ్ళీ నీటితో నిండాయి. నగర నిర్మాత ముహమ్మద్ కులీ సమాధి సుమారు 42 మీటర్ల ఎత్తు. చాలామంది దాని ముందు ఫొటో దిగి వెళ్ళిపోతారు. దానికి దూరం కాని మరో సమాధి దగ్గర ఆగమని స్త్రీలను ప్రత్యేకంగా కోరుతున్నాను. అది హయాత్ బక్షీ బేగందే. ముహమ్మద్ కులీకి కుమార్తె, తరువాతి సుల్తానుకు భార్య, ఆ తరువాతి సుల్తానుకు తల్లి. కుమారుడు పిన్నవయస్కుడై సింహాసనమెక్కినప్పుడు రాజ్య వ్యవహారాలు నడిపిన స్త్రీ. హయత్‌నగర్‌కు పేరు ఆమెదే. మాసాబ్‌ట్యాంక్ అన్న పేరు కూడా ఆమెను పిలిచే 'మా సాహెబా' నుండి వచ్చిందంటారు. రోజూ బస్సులో ఆ పేర్లు వింటూ వెళ్ళే ఆడపిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మన పాత కట్టడాలను ఇంతగా మెచ్చుకుంటున్న నేను షాపింగ్ మాల్‌లను నిందిస్తానని పాఠకులు అనుకోవచ్చు. పూర్తిగా నిందించలేను. ఇంటి ఆడవారు గోల్కొండ కన్నా మాల్ మేలని ఎందుకంటారో విచారిస్తే బయటపడే కారణం వస్తువుల మీది మోజు మాత్రమే కాదు. అక్కడ శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటుంది, చల్లగా ఉంటుంది, మెట్లెక్కే బాధ లేదు. చాలామంది స్త్రీలు విహారానికి వెళ్ళిన రోజున పొద్దుటి నుండి మంచినీళ్ళు కూడా సరిగా తాగరు. ఎందుకో వారిని అడిగితే సిగ్గుపడి చెప్పరు, అడిగే మగవారూ లేరు. మే నెల ఎండలో ఇది ఆరోగ్యానికి ప్రమాదం. కనుక ఎక్కడికి వెళ్ళినా పురుషులు టికెట్టు కౌంటరు దగ్గరే మరుగుదొడ్లు ఎక్కడున్నాయో కనుక్కొని ఇంట్లోవారికి చూపించాలి. మాల్‌లోని ఆటల విభాగాల తీరు మాత్రం నాకు నచ్చదు. ప్రతి ఆటకూ విడివిడిగా డబ్బు కట్టాలి, పిల్లవాడు ఒకటి ముగించి మరొకటి అడుగుతాడు, తండ్రి ముఖం మాడుతుంది, తల్లి ఇద్దరికీ నచ్చజెబుతుంది. ఇక నీటి పార్కులలో దుస్తుల విషయంలో వారి వారి నియమాలుంటాయి. టికెట్టు కొన్నాక గేటు దగ్గర వాదించే కన్నా ముందే ఫోను చేసి తెలుసుకోవడం మర్యాద.

నమాజు విషయం ఒకటి చెప్పాలి. జుహర్ వేళ కాగానే పురుషులు దగ్గరలోని మస్జిద్‌కు జమాఅత్ కోసం వెళతారు. స్త్రీలు సంచులకూ, చెప్పులకూ, పిల్లలకూ కాపలాగా కూర్చుంటారు. తిరిగి వచ్చినవారు "భోజనం పెట్టండి" అంటారు. స్త్రీల నమాజు ఇల్లు చేరాక ఖజా అవుతుంది. దీనికి పెద్ద ఏర్పాటేమీ అక్కరలేదు. రెండు జానమాజులు, వుజూకు ఒక పెద్ద సీసా నీళ్ళు, కాస్త మరుగైన చెట్టు నీడ, పావుగంటసేపు పిల్లలను పట్టుకునే మగవారు ఉంటే చాలు. స్త్రీలకు ప్రత్యేక స్థలమున్న మస్జిద్ ఆ దారిలో ఉంటే ఇంకా మంచిది. ముందే విచారించుకొని దాన్నిబట్టి దారి ఎంచుకోవచ్చు.

భోజనం సంగతి. పదిహేను మందికి తెల్లవారుజామున లేచి బిర్యానీ వండి, డేగిసాతో సహా మోసుకువెళ్ళి, పచ్చిక మీద వడ్డించి, గిన్నెలు తిరిగి తెచ్చి రాత్రి కడగడం ఒక విహారమా? వంటిల్లు ఇంటి నుండి పార్కుకు మారింది, అంతే. అతిథులను పంపి ఆతిథ్యమిచ్చే ఇంటి కోడలు వంట కోసం ఇంట్లోనే ఉండిపోవడం ఇంకొక రకం. ఆమె చార్మినార్‌కు రెండు మైళ్ళ దూరంలో కాపురముంటూ పదేళ్ళయినా మ్యూజియం లోపల అడుగుపెట్టి ఉండదు. ఆ ఒక్క పూటకు రొట్టెలు, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్ళు చాలు. లేదా తిరుగుదారిలో ఇరానీ హోటలులో కూర్చొని అందరూ తింటే సరి. మోసేది మగపిల్లలు.

రోజుల లెక్క కూడా చూసుకోవాలి. పాతబస్తీలో చాలా దుకాణాలకు శుక్రవారమే సెలవు కనుక ఆ కుటుంబాలు జుమా తరువాత బయలుదేరాలనుకుంటాయి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా రెండూ శుక్రవారమే మూసి ఉంటాయి. జూ పార్కుకు సోమవారం సెలవు. కాబట్టి శుక్రవారం తీరికయ్యే ఇళ్ళకు జూ పార్కు, బడి సెలవుల్లో మిగతా పనిదినాలు తీరికైనవారికి మ్యూజియం అనుకూలం. ఆదివారం మ్యూజియానికే వెళ్ళవలసి వస్తే గడియారం ముందు బల్లలు త్వరగా నిండిపోతాయి. పన్నెండింటికి పావుగంట ముందే దాదీమానూ అమ్మనూ ముందు వరుసలో కూర్చోబెట్టి, పిల్లలు వారి కాళ్ళ దగ్గర నేలమీద కూర్చోవచ్చు.