ఆమెను ఎంచింది ఎవరు? (గేరి మాటలు – 17)

పోయిన వారం పత్తికొండలో డిగ్రీ చదివే పిల్లలతో కూర్చున్నాను. మహిళా రిజర్వేషన్ మీద మాట్లాడమన్నారు. ఒక తమ్ముడు లేచి అడిగాడు. "అన్నా, మా ఊర్లో ఎస్సీ మహిళ సర్పంచ్. పేరుకే ఆమె. పనులన్నీ మొగుడు చేస్తాడు. ఆ మొగునితో చేయించేది రెడ్డి. ఇంక ఈ రిజర్వేషన్ ఎందుకు?"

అందరూ నవ్వారు. వెనక వరసలో ఉన్న ఇద్దరు ఆడపిల్లలు మాత్రం నవ్వలేదు.

అక్కడ నేను చెప్పిన జవాబు నాకే చాల్లేదు. అందుకే ఇది రాస్తున్నా.

తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. కానీ అతని మాటల్లోనే ఇంకో ప్రశ్న ఉంది. సీటు ఎవరికో చట్టం చెప్తుంది. ఆ సీటులో ఏ మనిషి కూర్చోవాలో ఎవరు చెప్తున్నారు?

మా పెద్దమ్మ సంగతి చెప్తా. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడో వంతుకు తక్కువ కాకుండా ఆడవాళ్లకు ఇవ్వాలని, ఎస్సీ, ఎస్టీ సీట్లలో కూడా మూడో వంతు ఆ కులాల ఆడవాళ్లకే ఇవ్వాలని చెప్పింది. మన రాష్ట్రంలో ఆ వాటాను సగానికి పెంచారు. 2013 పంచాయతీ ఎన్నికలు ఆ లెక్కనే జరిగాయి. అప్పుడే మా ఊరు ఎస్సీ మహిళకు వచ్చింది.

ఆ వార్త తెలిసిన రాత్రే మా గేరికి (మా వైపు వాడను అట్లే అంటాం) మనుషులు వచ్చారు. మా గేరిలో పదో తరగతి పాసైన కోడలు ఉంది. డ్వాక్రా లెక్కలు రాసే అక్క ఉంది. వాళ్లిద్దరినీ వద్దన్నారు. అక్కకు ముగ్గురు పిల్లలు కాబట్టి 1994 చట్టం ప్రకారం ఎట్లాగూ పనికిరాదన్నారు. (ఇద్దరు పిల్లల ఆ నిబంధనను 2024లో గానీ తీసేయలేదు.) కోడలికి "నోరెక్కువ" అన్నారు. చివరికి మా పెద్దమ్మను ఎంచారు. ఎందుకంటే ఆమెకు చదువు రాదు, సుగ్గికి గుంటూరు పోయి మిరపకాయలు కోసొస్తుంది, ఎదురు మాట్లాడదు. ఇంకెవరూ నామినేషన్ వేయకుండా చూసుకున్నారు. దానికి ఏకగ్రీవం అని పేరు.

మిత్రులారా, 1932 పూనా ఒప్పందం గురించి మనం ఎంతో చదువుతాం. సీటు మనది, ఓట్లు అందరివీ అయినప్పుడు మనలో ఎవరు గెలవాలో పక్క కులాలు తేలుస్తాయని అంబేడ్కర్ చెప్పిన మాట మీటింగుల్లో చెప్తాం. అదే ఒప్పందం మా ఊరి రచ్చకట్ట మీద ఎట్లుంటుందో నేను ఆ రాత్రి చూశాను. ఊర్లో సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు కూడా ఉండదు. పెద్దింటి మాటే గుర్తు.

ఈ ఏకగ్రీవానికి ప్రభుత్వమే బహుమతి కూడా ఇస్తుంది. 2021 ఎన్నికల ముందు 2 వేల లోపు జనాభా ఉన్న పంచాయతీకి 5 లక్షలు, 5 వేల లోపైతే 10 లక్షలు, 10 వేల లోపైతే 15 లక్షలు, ఆ పైన 20 లక్షలు ప్రకటించారు. ఫ్యాక్షన్ సీమలో పోటీ లేకపోవడం శాంతి అనుకునేవాళ్లు ఉండొచ్చు. ఎస్సీ మహిళ సీటులో పోటీ లేదంటే, ఎంపిక మా చేతిలోంచి పోయిందని అర్థం.

గెలిచాక ఆమె పక్కన ఎవరుంటారు? ఉపసర్పంచ్. వార్డు మెంబర్లు తమలోంచి ఎన్నుకుంటారు, ఆ పదవికి రిజర్వేషన్ లేదు. రిజర్వుడు ఊర్లలో ఆ కుర్చీ ఎవరికి పోతుందో చెప్పక్కర్లేదు. పక్కన తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్ పవర్‌ను సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్‌కూ ఇచ్చింది. అంటే దళిత మహిళ సంతకం ఒక్కటే చాలదు, దాని పక్కన ఇంకో సంతకం పడాలి.

ఇంక మొగుళ్లు, కొడుకులు. ఇక్కడ నా సంగతి దాచుకోకూడదు. పెద్దమ్మకు మొగుడు లేడు. ఆమె ఫోన్ నా జేబులో ఉండేది. ఎంపీడీఓ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే నేనే మాట్లాడేవాణ్ని. తీర్మానాల పుస్తకం నేనే చదివి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపేవాణ్ని. "ఆమెకు సాయం చేస్తున్నా" అనుకున్నా. అంబేడ్కర్ ఫొటో ఉన్న సంచి భుజాన వేసుకుని మరీ చేశాను ఆ పని.

మూడో ఏడు పై వీధిలో సిమెంటు రోడ్డు పడింది. బిల్లు మీద ఆమె సంతకం కావాలి. మా గేరిలో కొళాయికి అప్పటికి నాలుగు నెలలుగా నీళ్లు లేవు. పెద్దమ్మ సంతకం పెట్టనంది. ఎవరొచ్చి అడిగినా "మా గేరికి నీళ్లు రానీ" అనేది. అప్పుడు నేనేమన్నానో తెలుసా? "ఎందుకు పెద్దమ్మా గొడవ, పెట్టేయ్" అన్నా. ఆమె నా వైపు చూసి, "సంతకం నాదా, నీదా అబ్బీ? నాదైతే నేను పెట్టినప్పుడే పడుతుంది. ముందు ఆ ఫోన్ ఇట్లియ్యి" అంది. పద్దెనిమిది రోజులు పెట్టలేదు. పంతొమ్మిదో రోజు పైపు వేసేకి మనుషులొచ్చారు.

మాట్లాడదని వాళ్లు ఎంచుకున్న మనిషి మూడేళ్లలో మాట్లాడడం నేర్చుకుంది. ఆ కుర్చీ లేకపోతే ఎక్కడ నేర్చుకునేది? తమ్ముడూ, "రిజర్వేషన్ ఎందుకు" అన్నదానికి నా జవాబు ఇది. కుర్చీ చాలదు, నిజమే. కానీ ఆ కుర్చీ కూడా లేని చోట ఆమె కాదనేకి ఏమీ ఉండదు.

ఇప్పుడు పెద్ద చట్టసభల సంగతి. 2023 సెప్టెంబర్‌లో 106వ సవరణ లోక్‌సభలో 454–2తో, రాజ్యసభలో ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా నెగ్గింది. లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడో వంతు ఆడవాళ్లకు. కానీ జనగణన, ఆ తర్వాత డీలిమిటేషన్ అని షరతు పెట్టారు. 2024 ఎన్నికలు అది లేకుండానే జరిగాయి. లోక్‌సభలో 543 మందిలో 74 మంది ఆడవాళ్లు గెలిచారు.

మన అసెంబ్లీలో 175 సీట్లు. ఎస్సీ 29, ఎస్టీ 7. ఇప్పటి లెక్కన ఎస్సీ మహిళలకు 10 దాకా వస్తాయి. మిగిలిన 139 జనరల్ సీట్లలో 46 దాకా మహిళలకు పోతాయి. వాటిలో బీసీ మహిళకు వాటా లేదు. పంచాయతీలో బోయ, కురువ, చాకలి ఆడవాళ్లకు ఉన్న దారి అసెంబ్లీ గేటు దగ్గర ఆగిపోతుంది.

ఆ 46 సీట్లలో ఎవరు కూర్చుంటారో మా సీమ ముందే చూపించింది. వైఎస్ మరణం తర్వాత పులివెందుల నుంచి విజయమ్మ. 2014లో శోభా నాగిరెడ్డి మరణం తర్వాత ఆళ్లగడ్డ నుంచి కూతురు అఖిలప్రియ. 2017లో భర్త నారాయణరెడ్డి హత్య తర్వాత, 2019లో మా పత్తికొండ నుంచి కంగాటి శ్రీదేవి. వీళ్ల దుఃఖాన్నీ, శక్తినీ నేను తక్కువ చేయడం లేదు. ఆడమనిషి ఆ ఇళ్లలోంచి వచ్చినా దారి మాత్రం ఇంటిదే అంటున్నా. ఎస్సీ సీటైన బద్వేలులో కూడా 2021 ఉప ఎన్నికలో టికెట్ చనిపోయిన ఎమ్మెల్యే భార్యకే పోయింది. కోడుమూరు, నందికొట్కూరు, బద్వేలు, రైల్వే కోడూరుల్లో రేపు ఎస్సీ మహిళ సీటు వచ్చినా, బీ-ఫారం ఎవరి చేతిలోంచి వస్తుంది? మా రచ్చకట్ట ప్రశ్నే అది.

కాబట్టి మన డిమాండ్ "ఇంకా ఎక్కువ సీట్లు" దగ్గర ఆగకూడదు. 2023 చట్టంలో బీసీ మహిళలకు వాటా కావాలి. రిజర్వుడు పంచాయతీల్లో ఏకగ్రీవ బహుమతులు ఆపాలి. దళిత సర్పంచ్ ఉన్న చోట చెక్కు మీద రెండో సంతకం పెత్తనం కాకూడదు. నోటిఫికేషన్ రాకముందే గేరి కూర్చుని, ఆడవాళ్లే తమలో ఒకరిని ఎంచుకోవాలి. సుగ్గికి పోయినవాళ్లకు కబురు పంపి మరీ కూర్చోవాలి.

చివరగా ఒక మాట. ఇది రాయడం కష్టంగానే ఉంది. 2021లో మా ఊరు జనరల్ అయింది. పెద్దమ్మ మళ్లీ నామినేషన్ వేస్తానంది. జనరల్ అంటే అందరిదీ అని చట్టం. ఆమెను ఆపింది రెడ్లు కాదు. వాళ్లదాకా పోనేలేదు. "ఇప్పుడు మనది కాదులే పెద్దమ్మా" అని ఇంట్లో మేమే ఆపినాం. నేనే ఆపినాను.

వచ్చే ఎన్నికల్లో ఆమె మళ్లీ అడిగితే, ఆమె ఫోన్ ఆమె దగ్గరే ఉంటుంది. నామినేషన్ కాగితాలు పట్టుకుని వెనక నడిచే పని నాకిస్తే చాలు. వెనక వరసలో నవ్వని ఇద్దరు చెల్లెళ్లూ, మీ ఊర్లో కూడా ఎవరైనా పెద్దమ్మ ఉంటే ఈసారి ముందుగా ఆమెను అడగండి.

జై భీమ్.