గడప దాటే బలం

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ గుండెలకు అడ్డంగా కట్టుకుని, దేనినీ పట్టుకోకుండా లేవండి. మీకిది ఒక లెక్కలోది కాదు. ఇప్పుడు మీ నాయనమ్మో, దాదీయో కుర్చీలోంచి లేచేటప్పుడు గమనించండి. ముందుగా చేతులు ఆసరా వెతుకుతాయి. తొడ కండరాలు చేయవలసిన పనిలో కొంత చేతులు పంచుకుంటున్నాయన్నమాట.

ముప్పయ్యేళ్ళు దాటిన దగ్గరనుంచీ మన కండరాలు కొద్దికొద్దిగా తరుగుతూ వస్తాయి. అరవై దాటాక ఆ తరుగుదల వేగం పుంజుకుంటుంది. కాని వయస్సొక్కటే దీనికి కారణం కాదు. వాడని కండరం ఇంకా త్వరగా కరిగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు మంచం మీదనే ఉంచి పరిశీలిస్తే, వారి కాళ్ళలో దాదాపు ఒక కిలో కండ తగ్గినట్లు 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు! అంత కండ పోయాక చిన్న జ్వరమైనా, చిన్న తడబాటైనా మనిషిని మంచాన పడేస్తుంది.

ఇక హైదరాబాద్ పాతబస్తీకి రండి. శాలిబండలో, లాల్ దర్వాజాలో ఎత్తు గడపలు, నిటారు మెట్లు, ఆటో కూడా తిరగని గల్లీలు ఎన్నో. కొడుకులు గల్ఫ్ దేశాలకు వెళ్ళిన ఇళ్ళూ ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఒక ముసలమ్మ గడప దాటడం మానేస్తే దవాఖానాయే కాదు, పక్కింటి పలకరింపు కూడా ఆమెకు దూరమవుతుంది. అప్పుడు అయినవాళ్ళు "ఎక్కడైనా ఆశ్రమంలో చేర్పిద్దాం" అంటారు. లేదా "నువ్వు కదలకు, అన్నీ మేం చేస్తాం" అంటారు. రెండూ మంచి మనసుతో అన్న మాటలే. కాని మొదటిది ఆమె ఇంటిని తీసుకుంటుంది, రెండవది ఆమె బలాన్ని తీసుకుంటుంది.

మూడో దారి లేదా? ఉంది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనాటౌన్ కూడా ఇరుకైన పాత పేటే. అక్కడి వృద్ధులకోసం 'ఆన్ లోక్' అనే సంస్థ 1973లో ఒక పగటి కేంద్రం తెరిచింది. పగలు వైద్యం, వ్యాయామం, భోజనం అక్కడ. రాత్రికి ఎవరి ఇంటికి వారు. మన పొరుగున కేరళలో, కోళికోడ్‌లో 1993లో మొదలైన ఉపశమన వైద్య సేవ క్రమంగా ఊళ్ళకు పాకింది. నర్సులతో పాటు ఇరుగుపొరుగువారు, విద్యార్థులు కూడా రోగుల ఇళ్ళకు వెళ్ళి సాయపడ్డారు.

పాతబస్తీలోనూ తొలి అడుగు పడింది. నవాబ్ సాహెబ్ కుంటలో ఇస్‌హాక్ మసీదు ఆవరణలోనే హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ ఒక ఆరోగ్య కేంద్రం ప్రారంభించింది. నగరంలో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. వైద్యం గల్లీ మొదటిదాకా వచ్చింది. అది గడప లోపలికి కూడా రావాలంటాను. వారానికొకసారి నర్సు, వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు ఇంటికి రావాలి.

"ఇంట్లో కోడళ్ళు, ఆడపిల్లలు ఉన్నారుగా?" అని కొందరు అడగవచ్చు. ఆ భారమంతా వారిమీదే వేస్తే, బడి మానేసేది మీ తరగతిలోని అమ్మాయే. "ఖర్చు కదా?" అనేవారూ ఉంటారు. తొడ ఎముక విరిగాక చేసే ఆపరేషన్ ముందు, స్నానాలగది గోడకు బిగించే ఒక కడ్డీ ఖర్చెంత?

అది పెద్దలు, ప్రభుత్వం చేయవలసిన పని. మీరు చేయగలిగిందీ ఒకటుంది. నాయనమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పళ్ళెం లాక్కోకండి. సాయంత్రం చేయి అందించి గల్లీ చివరిదాకా నడిపించండి. తొందరపెట్టకండి. నడిచేది ఆమె, మీరు తోడు మాత్రమే.