చెత్తమూట

ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి పల్లెలలో వంటింటి చెత్త ఒకప్పుడు నేరుగా పెంటకుప్పకు చేరి, పొలానికి ఎరువయ్యేది. నేడు దానిని ప్లాస్టిక్ సంచిలో ముడివేసి వీధిలో విసిరేవారున్నారు. పాత సంచిని మళ్లీ వాడడం పొదుపే. ముప్పంతా ఆ ముడిలోనే ఉంది. తొక్కల వాసన పసిగట్టిన పశువు ముడి విప్పలేదు గనుక సంచితో సహా మింగుతుంది. అది జీర్ణం కాక పొట్టలో పేరుకుంటుంది. ఈ బాధను తెలిపి పుట్టపర్తి ప్రాంతపు కరుణ సొసైటీ తదితరులు 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

చేతిసంచి మందం 120 మైక్రాన్లకు తగ్గరాదన్న కేంద్ర నిబంధన 2022 డిసెంబరు 31 నుండి అమలులోకి వచ్చింది. అంత దళసరి సంచి పలుమార్లు అంగడికి వెళ్లిరావడానికే గాని, ఒక్కనాటి చెత్తకు కాదు. తడిచెత్తకు మూతగల బకెట్టు చాలును. పెంపుడు పిల్లి తొట్టెలోని మట్టికి, పసిపిల్లల డైపర్లకు మాత్రం చిరిగిన సంచి తగును. దానినైనా వీధిలో ఉంచక పంచాయతీ ట్రాక్టరుకే అందించాలి.