తీరపటము ఎవరి సొత్తు?

కొండగట్టు ప్రాంతమున నుండి సముద్రపు దీవుల పటమును గూర్చి వాదించుట వింతయని కొందరు నవ్వవచ్చును. నవ్వువారు గోదావరిని మరచినారు. ధర్మపురి, కాళేశ్వరముల చెంత పారు నీ నదియే మన మట్టిని మోసికొనిపోయి కడలిని చేర్చుచున్నది. ఆ ఒండ్రుతో, ఇసుకతో పెరిగినదే కాకినాడ యెదుటి హోప్ దీవి. అలల కడ్డునిలిచి యది పట్టణమును కాచుచున్నది. పోచంపాడు మొదలగు ఆనకట్టలు ఒండ్రును నిలుపుచున్నవి గనుక తీరపుకోతలో ఎగువవారమైన మనకును పాలున్నది.

ఇట్టి మారెడు తీరమును కొలిచిన దెవరికొఱకు? మైకేల్ టాపింగ్ దొర కంపెనీ కొలువులో ఈ తీరమును సర్వేచేసెను. 1794లో మద్రాసున సర్వే పాఠశాల నెలకొల్పెను. 1796లో మచిలీపట్టణమున మరణించెను. ఆయన శ్రమను మేము తక్కువచేయము. అయినను కంపెనీ పటము కంపెనీ పనికే. 1789లోను, 1839లోను ఉప్పెనలు కోరంగిని ముంచినవి. పటమున ఓడకు లోతు దొరకినది. జాలరికి మిట్ట దొరకలేదు.

స్వరాజ్యము వచ్చినపిమ్మట నేమి జరిగినది? తీరప్రాంతపు వివరమైన పటములను దేశరక్షణ పేరిట దశాబ్దములపాటు సామాన్యునికి అందనీయలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వేలకొలది ప్రాణములను బలిగొన్ననాడును ఆ నిర్బంధ ముండెను. 2005లో అది కొంత సడలెను. 2021 ఫిబ్రవరిలో గాని తలుపు తెరువబడలేదు. శత్రువు చూచునని దాచితిమనిరి! ఉపగ్రహములు ఆకాశమునుండి చూచుచుండగా పటము దాచినందున శత్రువు కన్ను మూతపడునా? మూతపడినది మన పల్లెవాని కన్నే.

తెరచిన తలుపైనను ఇంగ్లీషు చదువును యంత్రమును గలవానికే దారి యిచ్చుచున్నది. ఇది చాలదు. ప్రతి తీరగ్రామపు పంచాయతీ గోడపై, గ్రంథాలయమున, తెలుగుపటము వ్రేలాడవలెను. అందు మిట్టపల్లములు, బాటలు, తుపాను ఆశ్రయములు, జాలరులు పిలుచుకొను పేళ్లతోనే కాలువలు, దిబ్బలు కానరావలెను. నది దారి మార్చినపుడెల్ల దానిని దిద్దవలెను. ప్రాతపటము పటము లేకుండుటకన్న ప్రమాదకరము.

మన కొండగట్టు అంజన్న కడలి దాటి లంకను కలయజూచెను. కోటల, ద్వారముల, కందకముల వివరమంతయు మరలివచ్చి తనవారికి తెలిపెను. పెట్టెలో పెట్టి తాళము వేయలేదు. ఆ స్వామికి మ్రొక్కు మనము ఆ పాటి ధర్మమును ప్రభుత్వమునుండి కోరుట అత్యాశ కాదు. ప్రజల ధనముతో కొలిచిన నేల పటము ప్రజలదే. దానిని వారి భాషలో, వారి గుమ్మమునకు చేర్చవలసినదే.