మొక్కల సాక్ష్యము

ఒక భూమి పూర్వస్థితిని తెలిసికొనవలసి వచ్చినప్పుడు మనము కాగితములను వెదకుదుము. భూమి తనంతట తాను వ్రాసి ఉంచుకొన్న దస్తావేజు మరియొకటి కలదు. అది దానిపై మొలచిన మొక్క.

ఇంగ్లండులో బ్లూబెల్ వంటి కొన్ని చిన్న పూలమొక్కలు ప్రాచీనారణ్యములకు గుర్తులుగా పరిగణింపబడుచున్నవి. వాటి గింజలు దూరము పోవు. ఒకసారి అడవిని కొట్టి దున్నిన నేలకు అవి తిరిగి వచ్చుటకు శతాబ్దములు పట్టవచ్చును. అయినను అచ్చటి శాస్త్రజ్ఞులు ఒక్క మొక్కను చూచి తీర్పు చెప్పరు. అట్టి జాతులు అనేకము ఒక్కచోట కనిపించినప్పుడే ఆ అడవి పాతదని తలంతురు.

మన కొల్లేరు అడవి కాదు. ఇచ్చటి మొక్కలు నేల వయస్సును చెప్పవు. నీటి నడకను చెప్పును. నీరు చాలకాలము నిలుచుచోట తామర, కలువ. లోతు తగ్గిన అంచులలో కిక్కిస, జమ్ము. వానకాలమున మునుగు తడినేలలో తుంగ పెరుగును. దక్షిణ అమెరికా నుండి వచ్చిన గుర్రపుడెక్క ఎరువులు, మురుగు కలసిన నీటిలో విపరీతముగా వ్యాపించును. ఆ పచ్చదనమును చూచి సంతోషించుటకు వీలులేదు.

బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపు ఈ సరస్సు 1999లో అయిదవ కాంటూరు వరకు అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరినది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టివేయబడినవి. హద్దు వివాదము మాత్రము అటుపిమ్మటను సాగుచునే వచ్చినది.

గట్టు వేసినచో కిక్కిస పోవును. అది పోయిన పిదప ఇచ్చట సరస్సే లేదనుట సులభము. సాక్షిని తొలగించి సాక్ష్యము లేదనుట న్యాయమా? అట్లని మొక్కలే తీర్పు చెప్పవలెనని మేము అనము. చేపలవేటపై బ్రతుకు లంకగ్రామముల వారి మాటయు వినవలెను. ఏ గడ్డి ఎక్కడ ఉండెడిదో వారికి తెలిసినంత మనకు తెలియదు.

అడవిమొక్కవలె గాక, సరస్సు మొక్క త్వరగా పోవును. నీరు తిరిగి నిలిచిన త్వరగా రాగలదు. కావున దాని సాక్ష్యమును ఏటేట వ్రాసికొనవలెను. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతముల మన విద్యార్థులు వర్షాకాలము ముగియగానే ఒకసారి, వేసవిలో ఒకసారి అవే స్థలములకు పోయి, కనబడిన మొక్కలను, నీటి లోతును నమోదు చేయవలెనని మా సూచన. తామర ప్రక్కన కన్వల్ అనియు వ్రాసినచో రెండు భాషల కళాశాలకు శోభ. కమిటీ పెద్దలు పడవ కిరాయి, ఒక పెద్ద పుస్తకము సమకూర్చిన చాలును. హద్దు మాట మరల వచ్చిననాడు చూపుటకు మన చేతిలో ఆ పుస్తకమైనను ఉండును.