మాజీ సైనికుని ఇంట మౌనం

సైన్యం నుండి విరమించి బెళుగుప్ప వంటి కరవు పల్లెకు చేరిన సైనికునికి పింఛను ఉంటుంది. అలవాటైన దినచర్య, సహచరులు ఉండరు. వర్షాధారపు వేరుశనగ చేను ఆ లోటు తీర్చలేదు. నిద్రలేమి, అకారణ కోపం, మౌనం వారాల తరబడి సాగితే ముందుగా గుర్తించేది భార్యయే. అది ఈమాన్ లోపమూ కాదు, పిరికితనమూ కాదు; చికిత్స ఉన్న బాధ. పరువు పేరిట దాచితే పిల్లలూ నలిగిపోతారు.

మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఇ.సి.హెచ్.ఎస్. 2003 నుండి పింఛనుదారులకూ, వారిపై ఆధారపడిన కుటుంబీకులకూ అందుబాటులో ఉన్నది. వివరాలకు అనంతపురంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. 2022లో ఆరంభమైన టెలీ మానస్ నంబరు 14416కు భార్య అయినా ఉచితంగా, ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

సోదరులారా! నమాజు అనంతరం ఆయన పక్కన కాసేపు కూర్చోండి. ఉపదేశాలు వద్దు; ఆసుపత్రికి తోడు వెళ్ళండి.